ఇటలీ కారు ఏడో తరం

రెండంటే రెండు హారన్లతో బంగారంలాంటి ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే. నవ్వండి, ఫర్వాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

అప్పట్లో అరకు సంతకి సర్వీసు జీపు నడిపేవాణ్ణి. మా దగ్గర డ్రైవరు సీట్లో కూర్చుని రెండుసార్లు హారన్ కొట్టాడంటే బండి కదులుతోందని అర్థం. జనం పరిగెత్తుకొచ్చి ఎక్కేస్తారు.

నడిపేది జీపైనా నా మనసంతా ఇటలీలో ఉండేది. అక్కడ పందెం కార్లు చేసే ఒక కంపెనీ, అరవైల్లో, కుటుంబమంతా కూర్చునే కారు కూడా చేసింది. దాని పేరుకి వాళ్ళ భాషలో నాలుగు తలుపులని అర్థం. ఫోన్లో వీడియోలు చూసి దాని ఆరు తరాలూ కంఠతా పట్టాను. మొదటిది కోణాలు తేలినది, రెండోది ముందు చక్రాలతో లాగేది, మూడోది బీరువాలా ఉండేది, దాన్ని వాళ్ళ దేశాధ్యక్షుడు ఎక్కేవాడు. నాలుగోది కాస్త చిన్నది, ఐదోది వంపుల వయ్యారి, ఆరోది ఇంత పొడుగు. మా ఆవిడ పుట్టినరోజు ఎప్పుడంటే మాత్రం తడుముకునేవాణ్ణి.

ఓ సంత రోజు గెస్ట్‌హౌస్ ముందు సాక్షాత్తూ ఆ ఆరో తరమే వచ్చి ఆగింది. జీపు అక్కడే వదిలేసి పరిగెత్తాను. దిగిన పెద్దమనిషికి ఆరు తరాలూ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"నా కారు గురించి నాకే ఇంత తెలీదయ్యా. పేరేంటి?"

"అప్పన్నండి."

"మా డ్రైవరు మానేశాడు. రేపట్నించి వైజాగ్ వచ్చెయ్, దీన్ని నువ్వే నడుపుదువుగాని. నేనలా కాఫీ తోటల దాకా నడిచొస్తాను, ఈలోగా నీడలో పెట్టు. గీత పడిందో, ఉద్యోగం లేదు."

తాళం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాను. ఆ చప్పుడుకి ఒళ్ళు పులకరించింది. పదేళ్ళ అలవాటు చూడండి, చెయ్యి దానంతటదే వెళ్ళి రెండుసార్లు హారన్ కొట్టింది.

మిగిలిన మూడు తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. నా జీపులో ప్రతి సంతకీ వచ్చే లచ్చమ్మప్ప, కోడిపుంజుతో సహా వెనక సీట్లో సర్దుకుంది. ఆమె పక్కన మరో నలుగురు. ముందు సీట్లో గుమ్మడికాయలతో ఇద్దరు.

"లచ్చమ్మప్పా, ఇది జీపు కాదే, దిగండి."

"సీటు మెత్తగుంది. కొత్త బండి కొన్నావేట్రా?"

"కొనలేదే. ఇది ఇటలీది."

"ఏ ఊరిదైతేనేటి, బేగి పోనీ. సీకటడిపోతాది."

దించెయ్యాలని నాకూ తెలుసు. కానీ గుమ్మడికాయల ముసలాయన అడిగాడు, "ఇటలీ అంటే సీలేరు అవతలేట్రా?" అని. చరిత్ర అడిగితే నేనాగగలనా? బేగి దింపేసి వచ్చి నీడలో పెట్టేద్దామనుకుని, మొదటి తరం మొదలెడుతూ బండి కదిలించాను. మూడో తరం దగ్గర గతుకులో కారు అడుగు బర్రుమని గీరుకుంది. ఐదో తరం దగ్గర కోడి లెదరు సీటు మీద తన పని కానిచ్చింది. ఆరో తరం చెబుతూ కాఫీ తోటల దగ్గర మలుపు తిరిగాను.

ఎదురుగా సారు.

తన కారు తన మీదికే వస్తుంటే కొయ్యబారిపోయారు. కాసేపటికి చెయ్యెత్తారు. బ్రేకు వేశాను. ఆయన నోరు తెరిచేలోగా లచ్చమ్మప్ప కిటికీలోంచి తల బయటపెట్టింది.

"జాగా లేదు బాబూ. ఎనకాల జీపొస్తాది, దాన్లో రా."

ఆయన వచ్చి నా వైపు తలుపు తీశారు. దిగాను. ఆయన ఎక్కారు. వెనక ఒక్కరూ కదల్లేదు, డ్రైవరు మారాడనుకున్నారు.

"మెల్లగా పోనీ బాబూ, కోడి బెదిరిపోతాది," అంది లచ్చమ్మప్ప ఆయనతో. పాపం, ఆ నివ్వెరపాటులో ఆయన మెల్లగానే పోనిచ్చారు.

నా ఉద్యోగం అలా కొండెక్కి వెళ్ళిపోతుంటే ఆమె మళ్ళీ తల బయటపెట్టింది. "నువ్వు దిగిపోనావేట్రా? సర్లే, ఎనకాల జీపులో వచ్చీ."

ఆ దారిలో తిరిగే జీపు ఒక్కటే. అది గెస్ట్‌హౌస్ దగ్గరుంది. దాని డ్రైవరు రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

ఇటలీ వాళ్ళు చేసినవి ఆరు తరాలు. ఏడోది, సంత బండి, అరకులో నేను చేశాను. అందుకే ఈ కొండల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: వాళ్ళు ఎనిమిదో తరం చేసి తాళం నా చేతిలో పెట్టినా సరే, హారన్ మీద చెయ్యి వెయ్యను.