పులి హద్దులో నా తిన్నె

నా తిన్నె మీద కూర్చోవడానికి వచ్చే మనుషులను పాఠం చెప్పి తరిమేసిన ఘనుడిని నేను. ఇంతటి విపత్తును పగవాడు కూడా తలపెట్టలేడు. నేను మాత్రం ఒక క్రమపద్ధతిలో తెచ్చిపెట్టుకున్నాను.

యాభైల దశకంలో హిందూపురం నుంచి పెనుకొండ బడికి ఉపాధ్యాయుడిగా వెళ్లాను. కొండవైపు వీధి చివర అద్దె ఇల్లు. బడి విడిచింది మొదలు మరునాడు గంట కొట్టేదాకా నాతో పలికే ప్రాణి లేదు. మంచినీళ్ల కుండతోనే మంచిచెడ్డలు మాట్లాడేవాడినంటే నవ్వకండి. అది శ్రద్ధగా వినేది.

అంతలో చెన్నేకొత్తపల్లి వైపు పులి గొర్రెను ఎత్తుకుపోయిందని పుకారు పుట్టింది. గొర్రెల మందలున్న పొరుగు రైతు ఓబులప్ప వచ్చి, "అయ్యోరా, పులి సంగతి పుస్తకాల్లో ఏమన్నా ఉండాదా?" అన్నాడు.

ఉన్నదంతా చెప్పాను. పులి ఒంటరిగా పొంచి మెడ పడుతుందనీ, తొడల నుంచి తినడం మొదలుపెడుతుందనీ, మిగిలింది పొదలో దాచి మళ్లీ వస్తుందనీ. మరునాడు తిన్నె నిండింది. ఆ మరునాడు ఓబులప్ప భార్య గంపెడు వేయించిన శెనక్కాయలతో వచ్చింది. నా ఇల్లు పెళ్లివారి విడిదిలా కళకళలాడింది.

హద్దుల పాఠం ఆనాటిదే. "మనిషి చేయెత్తినా అందని ఎత్తులో చెట్టు బెరడు గీకి, మూత్రం చల్లి, ఇది నాదని చాటుతుంది. అందులో మరో మగపులిని సహించదు."

ప్రదర్శన లేని పాఠం అసంపూర్ణం గదా. మరునాటి మధ్యాహ్నం స్టూలెక్కి, ఇంటి ముందరి చింతచెట్టు మీద మేకుతో నిలువుగా గీతలు గీశాను. చెట్టు మొదలు దగ్గర చెంబెడు నీళ్లు చల్లాను. సాయంత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుండగా బయట చెట్టు దగ్గర ఓబులప్ప వాళ్ల మాటలు వినిపించాయి.

"ఏమబ్బా, అయ్యోరు చెప్పిండే ఎత్తే."

"కింద తడి గూడా ఉండాది."

పరుగెత్తాను. "అవి నేను గీసినవి ఓబులప్పా. మేకుతో."

అతడు నన్ను జాలిగా చూశాడు. "మేము బయపడతామని అట్ల చెప్తాండారు. లోపలికి పోయి గడియ పెట్టుకోండి."

"స్టూలు చూడు, అక్కడే ఉంది."

"పులి స్టూలెక్కి గీకుతాదా అయ్యోరా?"

అప్పటికే అతని భార్య శెనక్కాయల గంపతో వెనుదిరిగి వీధి దాటింది.

తరువాత ఎవరూ రాలేదు. పాలావిడ సైతం చెంబు వీధి మలుపులో పెట్టి కేక వేసి వెళ్లిపోయేది. నా గీతలు పులి గీతలంత చక్కగా పనిచేశాయి. నా హద్దులో మరో ప్రాణి అడుగుపెట్టలేదు. పులికి అది సుఖమేమో. నేను మాత్రం సంగటిముద్ద ముందు కూర్చుని, తినమని చెప్పే గొంతు కోసం చాలాసేపు ఎదురుచూసేవాడిని. కుండ కూడా మునుపటిలా వినడం లేదనిపించేది.

అరవైలలో ధర్మవరానికి బదిలీ అయ్యాను. కొత్త తిన్నె మీద ఒక పెద్దాయన చేరి, "ఏమప్పా అయ్యోరా, పులుల సంగతి మీకు బాగా తెలుసంట గదా?" అన్నాడు.

"పిల్లి జాతి" అని చెప్పి, శెనక్కాయలు ఆయన వైపు జరిపాను.

ఇందుమూలముగా ప్రతిజ్ఞ చేయుచున్నాను: నా తిన్నె మీద ఒక్క మనిషి కూర్చుని ఉన్నంతవరకు పులికి హద్దులు చెప్పను, చెట్టుకు మేకు తాకించను. స్టూలును బడికి దానమిచ్చేశాను.