ముద్ర పోయిన దుంగ

నాయన పోయారన్న కబురు ఉదయగిరి నుంచి వచ్చేసరికి నేను ఆత్మకూరులో బియ్యం ఏరుతున్నాను. నిద్రలోనే వెళ్లిపోయారట. దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఏడుపు బస్సెక్కాక వచ్చింది. కిటికీ పక్కన కూర్చుంటే, మూడేళ్ల కిందటి ఒక మామూలు ఉదయం కళ్ల ముందు నిలిచింది.

కొండ సగం దాకా మబ్బులో ఉంది. పుట్టింటికి వెళ్లిన నేను కాఫీ పట్టుకుని పెరట్లోకి వచ్చాను. నాయన ఎర్రచందనం దుంగకు చిత్రిక పడుతున్నారు. నేను పుట్టిన ఏడు సొంత చేలో ఆయన నాటిన చెట్టది. అటవీశాఖ అనుమతిచ్చాకే కొట్టించారు.

వడ్రంగి పని ఆయనది. ఏ చెక్కనైనా వేలితో తట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకునేవారు. ఈ దుంగ జపానుకు పోతుందని, అక్కడ దీనితో తంతివాద్యాలు చేస్తారని మద్రాసు వ్యాపారి చెప్పినప్పటి నుంచీ ఆయన నడకే మారింది. "మన చెట్టు యాడనో పాట పాడతాదమ్మా" అనేవారు, నిద్రలో నవ్వినట్టు నవ్వి.

"ఏంది నాయనా, పెండ్లికూతురిని చేసినట్టు చేస్తాండావు?" అన్నాను.

"సముద్రం దాటేది గదా. గరుగ్గా పోతే ఉదయగిరోళ్లకు పని రాదనుకుంటారు."

మధ్యాహ్నం వ్యాపారి వచ్చాడు. దుంగ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ముద్రేది పెద్దాయనా?"

అటవీశాఖ వాళ్లు దుంగ రెండు కొసల్లో కొట్టిన సుత్తి ముద్రలవి. నున్నగా ఉండాలని నాయన రెండింటినీ చెక్కేశారు.

"సొంత చెట్టని చెప్పేది ఆ ముద్రే. అది లేకుంటే కొండలో దొంగతనంగా కొట్టిందనే అంటారు. బయటి దేశాలోళ్లు కూడా ఇప్పుడు కాగితాలడుగుతున్నారు. ఓడ ఎక్కదు" అన్నాడు వ్యాపారి. గొంతు తగ్గించి, "చింతపండు మూటల కింద పెట్టి పంపిద్దాం, నాకొదిలెయ్" అన్నాడు.

నాయన తల అడ్డంగా ఊపారు. అతను వెళ్లిపోయాడు.

"సుత్తే గదా నాయనా, అట్టాంటిదే ఒకటి నేను చేయిస్తా. కొడితే ఎవురికి తెలస్తాది?" అన్నాడు అంతా వింటున్న మా తమ్ముడు.

"నీళ్లు పోసి పెంచినానురా దీన్ని. దొంగసొత్తుగా పంపి పాడమంటే పాడతాదా?"

అరచేత్తో దుంగను నిమురుతూ చాలాసేపు కూర్చున్నారు. తప్పు తనదే అయినప్పుడు ఎలా కూర్చోవాలో నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం ప్రార్థనయ్యాక ఇంటిల్లిపాదీ ఒక మాట మీదికి వచ్చాం. దుంగను మేమే అటవీ ఆఫీసుకు తీసుకెళ్లి జరిగింది చెప్పాలి. వాళ్లు ఉంచేసుకుంటే ఉంచేసుకోనీ. బండి పగలే కట్టాలి, బజారు మధ్య నుంచే పోవాలి. దుంగ మీద గోనెపట్టా కూడా కప్పకూడదు.