కాళ్లు చాపే ట్రాక్టరు

రంగప్పకు ఆ వారమంతా అన్నం సయించలేదు. పెనుకొండ చుట్టుపక్కల మల్బరీ తోటల్లో ముప్పై ఏళ్లుగా పైపుల కాలువలు, మొక్కల గుంతలు తవ్విన మనిషి. ఇక గడ్డపార పడితే నడుము లేవదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఉన్న ఒక్క ఎకరా అమ్మి, ముందర మన్ను ఎత్తే తొట్టి, వెనక తవ్వే చెయ్యి ఉన్న చిన్న ట్రాక్టరు కొందామనుకున్నారు భార్యాభర్తలు. తప్పు బండి తెచ్చుకుంటే మళ్లీ అమ్మడానికి ఇంకో ఎకరా లేదు.

పెద్ద జేసీబీ మల్బరీ చాళ్ల మధ్య పట్టదు. ఆ సందులో తిరిగే బండి ఉంటే తోటల వాళ్లు తననే పిలుస్తారని అతని ఆశ. అందుకే భార్య కుళ్ళాయమ్మ సందు వెడల్పుకు సరిగ్గా అయిదడుగుల డ్రిప్పు పైపు ముక్క కోసి, చంకలో పెట్టుకుని హిందూపురం షోరూముకు వచ్చింది. గుంతల మధ్య దూరం కూడా వాళ్లు ఎప్పుడూ అలాంటి ముక్కతోనే కొలిచేవాళ్లు.

షోరూములో శ్రుతి అనే అమ్మాయి ఇంజను బలం గురించి చెబుతుండగానే కుళ్ళాయమ్మ వంగి వెనక చక్రాలకు పైపు ఆనించింది. బండి నాలుగడుగులే ఉంది.

"ఏమక్కా, రైకకు కొలత తీసుకున్నట్ల తీసుకుంటాండావే!" అని నవ్వింది శ్రుతి.

"రైక బిగుతైతే కుట్టు విప్పుకోవచ్చు పాపా. ఇది బిగుతైతే ఏం విప్పేది?"

రంగప్ప నవ్వలేదు. "తవ్వేటప్పుడు సూడకుండా నేను మాటియ్యను" అన్నాడు. ధర్మవరంలో మసూద్ అనే అతను అదే బండి కొన్నాడని శ్రుతి ఫోను నంబరు ఇచ్చింది.

మరునాడు వాళ్లు వెళ్లేసరికి మసూద్ ఒక ఖాళీ స్థలంలో పునాది తీస్తున్నాడు. తవ్వే ముందు బండి వెనక నుంచి రెండు ఇనుప కాళ్లు చెరోపక్కకు చాచుకుని నేలకు ఆనాయి. రంగప్ప తవ్వే చేతినే చూస్తున్నాడు. కుళ్ళాయమ్మ మాత్రం పైపు పట్టుకుని కాళ్ల దగ్గరికి పోయింది. పైపు చాలలేదు. మిగిలిన దూరం జానలతో కొలిచింది.

"ఏమయ్యో, ఏడడుగులుండాది!"

"మరి కాళ్లు చాపకుంటే బోల్తా కొడ్తాదక్కా" అన్నాడు మసూద్. "నాకేమి, ఖాళీ సైట్లు. మీ మల్బరీలో చాపితే రెండు పక్కలా మొక్కలు నుజ్జే."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరికీ తప్పు తెలిసింది. బండి నడిచే వెడల్పు కొలిచారు గానీ, అది పనికి కూర్చునే వెడల్పు కొలవాలన్న ఊహే రాలేదు. ఎకరా అప్పటికే చేతులు మారింది.

మళ్లీ షోరూముకు పోయి సంగతి చెప్పగానే శ్రుతి ఇంకో రకం చూపించింది. దాని వెడల్పూ నాలుగడుగులే; కాళ్లు పక్కలకు చాచుకోవు, నిలువుగా కిందికి దిగుతాయి. అయితే నాలుగున్నర అడుగుల లోతే తవ్వుతుంది.

"అంత తక్కువైతే ఎవరు పిలుస్తారు?" రంగప్ప నుదురు తుడుచుకున్నాడు.

"ముప్పై ఏండ్లలో నడుము దాటి యాపొద్దన్నా గుంత తీసినావా? మన్ను ఎగేసింది నేను కాదా, నాకు తెలీదా?" అంది కుళ్ళాయమ్మ.

"కాళ్లు దగ్గరగుంటే పడిపోదా మే?"

"పడేదీ లేనిదీ తోటలోనే సూద్దాం" అంది ఆమె. రెండు రోజుల తర్వాత షోరూము డ్రైవరు ఆ బండిని పెనుకొండ దగ్గర తెలిసినవాళ్ల తోటకు తెచ్చాడు. శ్రుతి కూడా వచ్చింది. రాళ్లు కలిసిన గరుసు నేల. ఎలా నడపాలో డ్రైవరు చూపించాక రంగప్ప తానే ఎక్కి కూర్చున్నాడు. కాళ్లు దించాడు. కుళ్ళాయమ్మ పక్క చాలులో నిలబడింది.

"అవతలికి పోమే! మీద పడితే?"

"మొక్క చచ్చిందో బతికిందో సూడొద్దా? కానీ!"

తవ్వే చేతి పళ్లు గరుసులో దిగాయి. సీటు అదిరింది. ఎడమ చక్రం బెత్తెడు లేచి మళ్లీ కూర్చుంది. మోకాలి లోతు, ఆపైన తొడ లోతు వచ్చింది. రెండు పక్కలా ఒక్క ఆకు రాలలేదు. తర్వాత అతను తోట చివర ఏటవాలుకు పోయి అక్కడా తవ్వాడు. రెండోసారి మన్ను ఎత్తగానే బండి పక్కకు ఒరిగింది. గభాలున తవ్వే చెయ్యి దించేశాడు. బండి నిలిచింది. అతను ఇంజను ఆపి కిందికి దిగాడు.

"ఏమన్నా, బండి మీ పేరున రాసుకునేదా?" అంది శ్రుతి.

"రాసుకో పాపా. ఏటవాలు తోటలకు నేను పోను. అది గూడా రాసుకో."

"ఆ మాట పాపకెందుకు? నాకు చెప్పు" అంది కుళ్ళాయమ్మ. "రేపు ఎవరన్నా బతిమాలితే పోకుండా పట్టుకునేది నేనే గదా."