తడిచేతులు

మెనోనైట్ మిషన్ వంటమ్మ మాటిమాటికీ పిండిచేతులు కొంగుకు తుడుచుకుంటుంది. రొట్టె కాల్చడం ఆవిడకు మిషన్ దొరసాని నేర్పిన విద్య. ముప్పై ఏళ్ళు ఇద్దరూ ఆ వంటింట్లో ఒకే కంచంలో తిన్నారు. ఏటా అందరూ కలిసి రొట్టె తినే ప్రభువు బల్లనాడు, క్రీస్తు తన శిష్యుల కాళ్ళు కడిగినట్టే, ఆడవాళ్ళు జంటలుగా ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతారు. వంటమ్మ జంట ఎప్పుడూ దొరసానే.

దొరసాని కన్నుమూశాక వచ్చిన తొలి బల్ల ఇది. వంటమ్మ వేణ్ణీళ్ళ బేసిను ముందు పెట్టుకుని కూర్చుంది. చుట్టూ జంటలు కుదిరిపోయాయి, నీళ్ళు చల్లారిపోయాయి. ఎట్టకేలకు పాస్టరమ్మ వచ్చి భుజం తట్టింది. వంటమ్మ గబుక్కున పాదం చాచింది.

“ఇక్కడ కూర్చున్నావేంటమ్మా? రొట్టెలు మాడిపోతాయేమో చూడు.”

“ఎప్పుడో దించేశానమ్మగారూ,” అంటూ వంటమ్మ పాదం వెనక్కి లాక్కుంది.

బేసిను వంటింట్లోకి మోసుకెళ్ళి, తన కాళ్ళు తనే కడుక్కుంది. కొంగు సంగతే మరిచి, ఆ తడిచేతులతోనే అందరికీ రొట్టె పంచింది.