బాలింతకు నీళ్ళు

పక్కింట్లో నేతిలో వెల్లుల్లి వేగుతున్న వాసన వస్తోంది. బాలింత ఉన్న ఇల్లని ఎవరూ చెప్పనక్కర్లేదు. అందరికీ నోరూరించే ఆ వాసనకు నా నోరు ఎండిపోతుంది. పందొమ్మిది వందల నలభైలలో, చిక్కబళ్ళాపురం దగ్గరి మండికల్లులోని మా పుట్టింట్లో జరిగిన నా మొదటి కాన్పు, గోడవతల ఆవులు పెట్టుకుని బతికిన రంగమ్మ పెద్దమ్మ కలిసి గుర్తొస్తారు.

బిడ్డ పుట్టి మూడో రోజైనా నాకు పాలు పడలేదు. వాడి ఏడుపు సన్నబడుతోంది. సలహాలకు మాత్రం కరువు లేదు. మా అమ్మ, చుక్కలుగా వచ్చే మొదటి పసుపు పాలు పిండి పారబోయమంది. చింతామణి నుంచి వచ్చిన మా అత్తగారు దూది వత్తితో మేకపాలు పట్టమంది. చిక్కబళ్ళాపురం ఆసుపత్రి నర్సమ్మ అవేవీ వద్దు, రొమ్ముకే పెట్టమని చెప్పి బండెక్కింది. అమ్మా, అత్తగారూ ఒక్కటైంది ఒక్క విషయంలోనే. బాలింత నీళ్ళు తాగితే బిడ్డకు పడిశం పడుతుందట! మాది గుడి పూజారుల ఇల్లు కదా, తీర్థం ఇచ్చినట్టు ఉద్ధరిణెతో చుక్కచుక్కగా నీళ్ళు పోసేవారు. ఎవరి మాట వినాలో తెలియక, బిడ్డ చేజారిపోతాడేమోనని వణికిపోయాను.

మధ్యాహ్నం రంగమ్మ పెద్దమ్మ వచ్చింది.

"నువ్వయినా చెప్పు పెద్దమ్మా, ఏం చేసేది?" అన్నాను.

"నాకు తెలీదమ్మా. నాకు ముగ్గురు పుట్టిరి, ఒగడే నిలిచె. యాడ తప్పు చేస్తినో ఇప్పటికీ తెలీదు."

నాకు ఒళ్ళు మండింది. ఇది చెప్పడానికా వచ్చింది? ఆమె నా పెదవులకేసి చూసి, "దప్పికైతాండాదా?" అని అడిగింది. ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. భోరున ఏడ్చాను. చెంబెడు గోరువెచ్చని నీళ్ళు తెచ్చింది. అమ్మ అడ్డం వస్తే, "ఆవుకు కుడితి పెట్టకుండా పాలు పిండేకి నేనెప్పుడూ పోలేదు, పక్కకు జరుగు" అంది. నా వెనక కూర్చుని తన వీపు ఆనించి, మెడ తిప్పి చూస్తూ, "చన్ను మొన ఒగటే కాదు, నోటి నిండా పట్టించు" అంది. సాయంత్రానికి వాడు గుటకలు వేశాడు. నీళ్ళ వల్లనా, పట్టించిన తీరు వల్లనా, పాలు పడే వేళే వచ్చిందా? నేటికీ తేల్చుకోలేకపోయాను.

వాడు పాకే రోజుల్లో ఒకసారి, వాణ్ణి ఒళ్ళో ఆడిస్తూ ఆమె ఉన్నట్టుండి అడిగింది. "ఆ పొద్దు నాకూ ఎవురన్నా నీళ్ళిచ్చింటే ఆ ఇద్దురూ బతికిందురామ్మా?"

అవునంటే ఆమె గుండె పగులుతుంది. కాదనడానికి నాకేం తెలుసు?

"తెలీదు పెద్దమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. తెలియనిది తెలియదని చెప్పినంత మాత్రాన మనిషి పక్కనుంచి లేచిపోకూడదని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆ రోజు నేనూ లేవలేదు.