కరక్కాయ చొక్కా

దెయ్యాలున్నాయా లేవా అని నన్నడక్కండి. నా వీపు మీద ఒకటి చెయ్యి వేసింది. పట్టపగలు, సముద్రం ఒడ్డున, నలుగురూ చూస్తుండగా వేసింది. ఆ చెయ్యి ఫోటోలో కూడా పడింది. నేను అంత బాగా ఎప్పుడూ పడలేదు. గుండె నిబ్బరం ఉన్నవాళ్ళు ముందుకు చదవండి. మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి గానీ, ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదని గుర్తుంచుకోండి.

మాది పెడన. తాతల నాటి నుంచీ కలంకారీ పని. ఇంట్లో నాన్నది అద్దకం, నాది అద్దం. ఆయన పొద్దుటి నుంచీ బల్ల దగ్గర నిలబడి గుడ్డ మీద అచ్చులు వేస్తుంటే, నేను అద్దం ముందు నిలబడి నా మీద ఫ్యాషన్లు వేసుకునేవాణ్ణి. ఇద్దరం నిలబడే పని చేసేవాళ్ళం కాబట్టి ఇద్దరం సమానంగా కష్టపడుతున్నామని నా నమ్మకం.

అప్పటికి దుప్పట్లు, పరదాలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. సగం బల్లలు ఖాళీ. ఈ ఉగాది దాటాక పనివాళ్ళని మానిపించక తప్పదేమోనని నాన్న అన్నం దగ్గర కూర్చుని అన్నం మానేసేవారు. అలాంటి సమయంలో గుడివాడలో బట్టల షాపున్న కామేశ్వరి గారు కబురు పెట్టారు. రోజూ వేసుకునే చొక్కాలు, కుర్తాలు వసంతానికి తగ్గట్టు కావాలట. నచ్చితే ఏడాది పొడుగునా పని మాకే.

మన వైపు వసంతమంటే ఏముందండీ, చలికాలపు ఆఖరి దగ్గుకీ ఎండాకాలపు మొదటి చెమటకీ మధ్యనున్న సందు. ఆ సందులోకి ఫ్యాషన్ దూర్చే బాధ్యత నేను తీసుకున్నాను.

ఫోన్లో చూస్తే ఈ వసంతానికి వెన్నరంగు అని తేలింది. పూలూ లతలూ లేని వదులు చొక్కా, చీలమండకి పైనే ఆగిపోయే ప్యాంటు, సాక్సు లేకుండా తెల్ల క్యాన్వాసు బూట్లు. ఆ వెన్నరంగు కోసం బందరు షాపులన్నీ తిరిగి, ఉత్త చేతులతో ఇంటికొస్తే, మా పెరట్లోనే తీగ మీద ఆరుతూ కనబడింది. అద్దకానికి ముందు ప్రతి గుడ్డనీ కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన తొట్టిలో ముంచి ఆరేస్తాం. అదిగో, ఆ గుడ్డ. నాన్న లేనప్పుడు ఒక ముక్క కత్తిరించుకుని దర్జీ దగ్గరికి పట్టుకెళ్ళాను.

"ఏంటి బాబూ, గుడ్డ పాలకంపు కొడతాంది?" అన్నాడు దర్జీ.

"ఆర్గానిక్ అండీ."

"మా గేదె కూడా ఆర్గానికే బాబూ. దాన్నెవరూ తొడుక్కోరు."

ఫ్యాషన్ తెలియని మనిషని జాలిపడ్డాను.

ఫోటోలు సముద్రం ఒడ్డున, పాలకాయతిప్ప దగ్గర తీద్దామన్నారు కామేశ్వరి గారు. వేసుకుని చూపించడానికి ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

"నేనున్నానండీ."

"మీరా," అన్నారావిడ. ఆ ఒక్క మాటలో ఎన్ని మాటలు మింగారో నాకు తర్వాత గానీ తెలియలేదు.

ఫోటోలు తీసేది మా అక్క మొగుడు వెంకట్ బావ. నన్ను కూడా బావా అనే పిలుస్తాడు. బందరులో స్టూడియో. ఉప్పుగాలికి కెమెరా పెట్టుకునే ఇనుప స్టాండుతో సహా అన్నీ తుప్పు పట్టాయి, ఆయన నోరు తప్ప. హంసలదీవి దాటుతుండగా ఆ నోరు పనిలోకి దిగింది.

"నదీ సముద్రం కలిసేచోట మిట్టమధ్యాహ్నం ఒంటరిగా నిలబడకూడదంటారు బావా."

"ఎవరంటారు?"

"నిలబడనోళ్ళు."

"మరి నిలబడ్డవాళ్ళు?"

"వాళ్ళేమీ అన్లేదు. అదే కదా భయం."

మేం చేరేసరికి సరిగ్గా మిట్టమధ్యాహ్నం. కామేశ్వరి గారు దూరంగా కారు దగ్గర గొడుగు కింద కూర్చున్నారు. నేను నీళ్ళకి దగ్గరగా, అంటే ఒంటరిగా, నిలబడ్డాను. కెరటాలొచ్చి స్టాండుని తడుపుతున్నాయి. బావ ఆ తడి స్టాండుని అటూ ఇటూ జరిపి, ఒక ఫోటో తీసి, నా దగ్గరికొచ్చి భుజాలు పట్టుకుని తిప్పి, మళ్ళీ స్టాండు దగ్గరికి వెళ్ళేవాడు.

"కాస్త నవ్వు బావా. వసంతం అంటే వాంతి మొహం కాదు."

"భయంగా ఉంది."

"నేనున్నాగా," అని వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచాడు.

కాసేపటికి చేపలబుట్ట పెట్టుకుని అటుగా వెళ్తున్న ఒక మామ్మ ఆగింది.

"నాయనా, నీ ఎనకాల ఎవురున్నారు?"

"ఎవరూ లేరు మామ్మా."

"మరి ఆ చెయ్యెవరిది?"

ఎండలో చలేయడం అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. బావ నా వెనక్కి వెళ్ళాడు. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాడు. అది చెయ్యి కన్నా భయంకరంగా ఉంది.

"ఏముంది బావా?"

"ఏం లేదు. కదలకు."

"ఏం లేకపోతే కదలకపోవడమెందుకు?"

"నల్లగా... అయిదు వేళ్ళు."

"పురుగేమో."

"పురుగుకి బొటనవేలు ఉండదు బావా."

ఫోటో తీసి చూపించాడు. వెన్నరంగు చొక్కా మీద, వెన్నుపూసకి పక్కగా, బొగ్గులాంటి చెయ్యి. చూస్తుండగానే నా ఎడమ భుజం మీద లేత మబ్బులా ఇంకో అయిదు వేళ్ళు మొదలయ్యాయి. నాకు చెమట పడుతున్నకొద్దీ అవి నల్లబడుతున్నాయి. అవి నల్లబడుతున్నకొద్దీ నాకు చెమట పడుతోంది.

"తుడిచెయ్ బావా."

తుడిచాడు. ఉన్నవి పోకపోగా కొత్తవి పుట్టాయి. ఒకటి తుడిస్తే రెండు.

"ఒక్కటి కాదు బావా," అన్నాడు వేళ్ళు లెక్కపెడుతూ. "కుటుంబంతో వచ్చినట్టుంది."

"ఎనక్కి సూడకుండా పో నాయనా," అంది మామ్మ, తనే ముందు వెళ్ళిపోతూ.

వెన్ను చూపని వీరుణ్ణని చెప్పుకోవాలని ఉంది గానీ, ఆ రోజు నా దగ్గర చూడదగ్గది వెన్నొక్కటే. పరిగెత్తాను. అప్పుడు వినబడింది, నా వెనకే ఇంకొకరి అడుగు. నేను ఒకటి వేస్తే చప్పుమని నా వెంట ఒకటి. ఆగితే ఆగుతోంది. ఉరికితే ఉరుకుతోంది. నా కొలత దొరక్క ఒక సైజు పెద్ద బూట్లు కొన్నానన్న సంగతీ, వాటి నిండా నీళ్ళున్నాయన్న సంగతీ ఆ క్షణంలో ఎవరికి గుర్తుంటాయి చెప్పండి. కుడి బూటు బురదలో దిగబడిపోయింది. వదిలేసి పరిగెత్తాను. చప్పుడు సగానికి తగ్గింది.

"బావా, ఇప్పుడు ఒంటికాలి మీద వస్తోంది," అని అరిచాను.

ఆయాసపడుతూ కారు దగ్గర కూలబడ్డాను. కామేశ్వరి గారు నన్ను వెనక్కి తిప్పారు. చొక్కా అంచు వేళ్ళతో నలిపి చూశారు. వాసన చూశారు. గొడుగు మడిచి, కారెక్కి గుడివాడ వెళ్ళిపోయారు.

అయిపోయింది. దెయ్యం నన్ను పట్టుకుంది, ఆర్డరు నన్ను వదిలేసింది.

బావా నేనూ ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీద టీ తాగుతున్నారు. నా వీపు చూసి గ్లాసు పక్కన పెట్టారు.

"కరక్కాయ గుడ్డ ఎవడిచ్చాడ్రా నీకు?"

"అది కాదు నాన్నా, చెయ్యి..."

"తుప్పు ఎక్కడ తగిలింది?"

బావ రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. అరచేతులు స్టాండు రంగులో ఉన్నాయి.

మీకు చెప్పాలి. కలంకారీలో నలుపు వచ్చేదే అలా. ఇనుపముక్కలూ బెల్లమూ పులియబెట్టిన నీళ్ళలో అచ్చు ముంచి కరక్కాయ పట్టిన గుడ్డ మీద వేస్తే నల్లగా దిగుతుంది. ఇనుము తగిలితే ఆ గుడ్డ ఊరుకోదని పెడనలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నేను పాలు పట్టిన గుడ్డే తొడుక్కున్నాను గానీ తెలుసుకోలేదు. ధైర్యం చెప్పిన ప్రతిసారీ మా బావ నాకు చెయ్యిచ్చాడు. మిగిలింది నా చెమట పూర్తిచేసింది.

"ఆవిడకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు," అన్నారు నాన్న. "ఆ పని పోతే బల్లలు ఎత్తేయడమే."

ఫోన్ పట్టుకుని ఆలోచించాను. దెయ్యం పట్టినవాడిగా మిగలాలా, కరక్కాయ సంగతి తెలియని కలంకారీ వాడిగా మిగలాలా? దెయ్యమే గౌరవంగా అనిపించింది.

"నమస్కారమండీ. మధ్యాహ్నం మీరు భయపడి వెళ్ళిపోయినట్టున్నారు. ఆ చోటు మంచిది కాదటండీ. శాంతి చేయిస్తున్నాం."



"చూడండి బాబూ," అన్నారావిడ మెల్లగా. "నాకు దెయ్యాలంటే భయం లేదండీ. కరక్కాయ గుడ్డ కుట్టించుకుని ఊరేగే అద్దకంవాళ్ళంటేనే భయం. అందుకే వచ్చేశాను. ఫోన్ నాన్నగారికివ్వండి."

ఇచ్చాను. నాన్న చాలాసేపు "ఆహాఁ, ఊఁ, అలాగేనమ్మా" అన్నారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఫోన్ పెట్టేశాక ఆయన లేచి లోపలికి వెళ్ళి, ఖాళీ బల్లల మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టారు.

"పని ఇచ్చిందా నాన్నా?"

"ఇచ్చింది. నేనేసిన గుడ్డలు ఇదివరకు చూసిందట. ఒక్కటే షరతు పెట్టింది."

"ఏంటది?"

"ఆ చొక్కాలు ఎవరైనా వేసుకోవచ్చు, నువ్వు తప్ప."

కనుక, ఉప్పుగాలి సాక్షిగా, ఇంట్లో ఉన్న అద్దం సాక్షిగా ఈ ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఏ వసంతంలో ఏ రంగు నడిచినా, పూర్తిగా అద్ది, ఉడికించి, ఉతికి ఆరేసిన గుడ్డే తొడుక్కుంటాను. బూట్లు నా కాళ్ళకి సరిపోయేవే కొంటాను. ఇక మీదట ఎవరైనా ధైర్యం చెబుతూ నా వీపు మీద చెయ్యి వేయబోతే, ముందు ఆ చేతులు కడుక్కుని రమ్మంటాను. బావైనా సరే, దెయ్యమైనా సరే.