బూడిదలోంచి తీసిన షాఫ్టు

ఆదోని మిల్లులో షాఫ్టు విరగడం వెల్డరు సాయిబు తప్పేనని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

డెబ్బైల చివర్లో పత్తి నుంచి గింజలు వేరుచేసే ఆ జిన్నింగు మిల్లులో నేను ఫిట్టర్ని. పత్తి బండ్లు రోడ్డు దాకా నిలబడిన రోజుల్లో మిషన్లను తిప్పే షాఫ్టు బేరింగు దగ్గర అరిగిపోయింది. అరిగినచోట వెల్డింగుతో వరస మీద వరస ఇనుము పోసి లావు చేయడం ఆ సాయిబు పని. వరసకూ వరసకూ మధ్య ఆగేవాడు. చివరికి షాఫ్టును పొట్టు బూడిదలో పూడ్చి, మర్నాటిదాకా ముట్టనిచ్చేవాడు కాదు. ఓనరు నన్ను వదిలి ఆయన్నే సలహా అడిగేవాడు. అందుకే ఆయన్ను చూస్తే నాకు ఒళ్లు మంట.

"ఇదేమన్నా బాలింతనా భాయ్, గాలి తగలకుండ పెట్టేకి?" అన్నాను, ఆయన ఆ షాఫ్టును బూడిదలో కప్పుతుంటే, అందరూ వినేలా. నవ్వారు.

"నీకు పైన ఇనుమే కనపడతాదప్పా. లోపల గింజ కట్టేది సల్లారేటప్పుడే. తొందర పెడితే గాజు మాదిరి పుటుక్కుమంటాది," అని, పొద్దున వస్తానని చెప్పి శుక్రవారం నమాజుకు వెళ్లాడు.

ఆయన గేటు దాటగానే షాఫ్టును బూడిదలోంచి బయటికి లాగి రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించాను. బుస్సుమంది. సాయంత్రానికల్లా లేతు మిషను మీద చెక్కి కొలతకు తెచ్చి బిగించాను. ఓనరు భుజం తట్టాడు. పొద్దున సాయిబు వచ్చి అడిగితే, సాయంత్రానికే బూడిదలో చల్లారిందన్నాను.

నాలుగో రోజు అతుకు అంచున విరిగింది. సాయిబు వచ్చి విరిగిన ముక్కను వెలుతురుకు తిప్పాడు. నిదానంగా చల్లారిన ఇనుము విరిగితే మసకగా, పీచుపీచుగా ఉంటుంది. ఇది చక్కెర పలుకుల్లా మెరుస్తోంది.

"దీనికి నీళ్లు తాపిందెవరు?" అన్నాడు నన్నే చూస్తూ.

"నీ సేతి పని బాగలేక నీళ్ల మీదికి నెట్టొద్దు," అన్నాను.

ఓనరు నన్నే నమ్మాడు. మిగతా మిల్లులూ ఆయన్ను పిలవడం మానేశాయి. ఆయన ఎమ్మిగనూరు చేరి, బస్టాండు దగ్గర గేట్లకు, కిటికీ చువ్వలకు అతుకులేస్తూ బతికాడు.

కొన్నేళ్లకు అక్కడికి పోయి నిజం చెప్పాను. ఆయన ముఖానికి అడ్డం పెట్టుకున్న అద్దం దించలేదు.

"ఇరిగిన పొద్దే తెలుసు. నాకు సెప్పేకి ఇంత దూరం ఎందుకొచ్చినావు? ఆదోనిలో సెప్పు పో," అని మళ్లీ నిప్పురవ్వలు లేపాడు.

ఆదోనిలో బస్సు దిగాను. మిల్లు గేటు దాకా పోయి, నోరు తెరవకుండా ఇంటికొచ్చాను. ఆయన అప్పజెప్పిన పని ఇప్పుడు చేస్తున్నాను. ఆయన అతుకు మంచిది. నీళ్లు పోసింది నేను.